పడ్డవాళ్ళని అడిగే మాట

ధబేల్‌ది పడే ఉద్యోగం. దేశదేశాల్లో ఫోన్లు అమ్మే కంపెనీలో అలాంటి ఉద్యోగం కూడా ఉంటుందంటే మొదట్లో అతని అత్తగారే నమ్మలేదు. అల్లుడు ఏదో దాస్తున్నాడని కూతుర్ని చాటుగా నిలదీసింది కూడా. నిజంగానే అతనికి జీతమిచ్చేది పడటానికే. జేబులో ఫోను పెట్టుకుని పరుపుల మీద ముందుకి, వెనక్కి, పక్కకి, మెట్ల మీంచి జారినట్టు, కుర్చీలోంచి ఒరిగినట్టు పొద్దస్తమానం పడుతుంటాడు. అతను పడ్డాడో, ఊరికే సోఫాలో కూలబడ్డాడో ఫోను కనిపెట్టాలి. మీసాలున్న పెద్దమనిషి, కవలపిల్లల తండ్రి, రోజంతా అలా దొర్లుతుంటే చూసి నవ్వుకున్నవాళ్ళు పెట్టిన పేరే ధబేల్. అసలు పేరు జీతాలు వేసేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

అలా పడ్డవాళ్ళని ఫోను అడగాల్సిన మాట రాసింది పంతులమ్మ. ఆమె కూడా నిజం పంతులమ్మ కాదు. కంపెనీ ఫోన్లు ముప్పై చిల్లర భాషల్లో మాట్లాడతాయి, అందులో మన భాష వంతు ఆమెది. తెర మీద కనిపించే ప్రతి మాటా, ఫోను నోరు విప్పి పలికే ప్రతి మాటా ఆమె చేతి మీదుగా వెళ్ళాల్సిందే. ఎక్కడ తప్పు కనిపించినా దిద్దకుండా ఉండలేని మనిషి. లిఫ్టులో అతికించిన నోటీసుకి కూడా పెన్ను తీసి దీర్ఘం పెట్టి వస్తుంది. ఇక ఆ పేరు రాక ఏం చేస్తుంది!

కొత్త ఫోనులో ఏర్పాటు ఇదీ. మనిషి గట్టిగా పడితే ఫోను పైకి అడుగుతుంది, "మీరు బాగున్నారా?" అని. బాగున్నానంటే "సంతోషం. జాగ్రత్త" అని ఊరుకుంటుంది. సాయం కావాలన్నా, అసలు పలక్కపోయినా అంబులెన్సుకీ, ముందే చెప్పిపెట్టుకున్న దగ్గరి మనిషికీ కబురు పెడుతుంది. పోటీ కంపెనీ ఇలాంటిదే తెస్తోందని చెవిన పడగానే ఈ కంపెనీ పెద్దలు ఆదరాబాదరాగా తేదీ ముందుకు జరిపారు. 'పడితే పట్టుకునే ఫోన్' అని బస్సుల మీదికి ప్రకటనలెక్కాయి. గోదాముల్లో పెట్టెలు సీలింగు దాకా పేర్చారు. శుక్రవారం నుంచి అమ్మకాలు.

ఆ ఒక్క మాట కోసం పంతులమ్మ ఒక పూటంతా కూర్చుంది. "దెబ్బ తగిలిందా?" అని రాసి కొట్టేసింది. కింద పడి ఉన్న మనిషిని పట్టుకుని ముందుగా ఆ మాట అనడమేం మర్యాద అనుకుంది. "మీకేమైనా అయిందా?" అని రాసి అదీ కొట్టేసింది, అందులో ఏదో కీడు వినిపించింది. "మీరు బాగున్నారా?" అన్నది మాత్రం నోటికి హాయిగా ఉంది. చివర్లో "సంతోషం. జాగ్రత్త" ఆమె సొంత తెలివి. మిగతా భాషల వాళ్ళు 'సరే' అని చేతులు దులుపుకున్నారు. మర్యాదంటే ఏమిటో మన భాషను చూసి నేర్చుకోండని మేనేజరు నలుగురిలో అన్నాడు. ఆ వారమంతా పంతులమ్మ కాళ్ళు నేల మీద ఆనలేదు.

బుధవారం పొద్దున ధబేల్ నిజంగా పడ్డాడు.

కాఫీ మిషను దగ్గర అప్పుడే నేల తుడిచారు. రెండు చేతుల్లో రెండు కప్పులు పట్టుకుని వెనక్కి తిరిగి ఎవరితోనో జోకులేస్తూ వస్తున్నాడు. కాలు జారింది. పరుపు లేదు, పక్కన కొలతలు రాసుకునేవాళ్ళు లేరు. కాఫీ గోడకెక్కింది, అతను గచ్చు మీదికొచ్చాడు.

"మీరు బాగున్నారా?" అని అడిగింది జేబులో ఫోను, తియ్యటి గొంతుతో.

"ఆఁ, బాగున్నా, బాగున్నా" అన్నాడు ధబేల్ నేల మీదినుంచే.

"సంతోషం. జాగ్రత్త" అంది ఫోను.

అందరూ పగలబడి నవ్వారు. ఏళ్ళ తరబడి పడటమే వృత్తిగా పెట్టుకున్నవాడు కాఫీ మిషను దగ్గర పడితే నవ్వక ఏం చేస్తారు? పంతులమ్మ కూడా నవ్వింది. అతను లేవబోయి, లేవలేక, ముఖం సున్నం కొట్టినట్టయిపోయాక గానీ ఎవరూ అతని చెయ్యి వంక చూడలేదు. మణికట్టు తిరగకూడని వైపు తిరిగి ఉంది.

ఆసుపత్రికి తీసుకెళ్ళే కారు కోసం గేటు దగ్గర నిలబడ్డప్పుడు పంతులమ్మ అతని పక్కనే ఉంది. చేతికి ఎవరిదో కండువా కట్టారు.

"చెయ్యి విరిగి ఏడుస్తుంటే బాగున్నానని ఎందుకన్నావయ్యా?"

"ఎవరు, నేనా?"

"నువ్వే. ఫోను అడిగింది, నువ్వు చెప్పావు."

ధబేల్ గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. "అన్నానేమోనక్కా. అడిగితే అంటాం కదా. నోటికి అదొచ్చేస్తుంది. బాగున్నారా అంటే బాగోలేదని ఎవరంటారు?" నొప్పిలోనూ నవ్వబోయాడు. "మా ఆవిడకి మీరు ఫోన్ చెయ్యకండి. నేనే మెల్లిగా చెప్తా."

కారు వెళ్ళిపోయింది. పంతులమ్మ గేటు దగ్గరే నిలబడిపోయింది.

పరుపుల గదిలో ధబేల్ ఎన్నిసార్లు పడ్డాడో లెక్కలేదు. పడ్డ ప్రతిసారీ గోడ మీద కాగితం చూసి జవాబు చెప్పేవాడు. ఒకసారి బాగున్నానని, ఒకసారి సాయం కావాలని, ఒకసారి నోరు మూసుకుని. మూడింటికీ ఫోను చక్కగా నడుచుకుంది. అందరూ సంతకాలు పెట్టారు. కాగితం లేనప్పుడు మనిషి ఏమంటాడో ఎవరూ చూడలేదు. చూడాలని పంతులమ్మకీ తోచలేదు. బాగున్నారా అన్నది మన దగ్గర ప్రశ్నే కాదు, పలకరింపు. ఉద్యోగం ఊడినవాడూ, పన్ను నొప్పితో రాత్రంతా మేలుకున్నవాడూ ముందు బాగున్నామనే అంటారు, ఆ తర్వాతే అసలు సంగతి. ఇంత చిన్న విషయం నలుగురికి దీర్ఘాలు దిద్దే తనకి ఎలా తట్టలేదు? తలుచుకుంటే తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

ఆ వెంటనే మేనత్త గుర్తొచ్చింది.

తల్లి పోయాక పంతులమ్మని పెంచింది ఆ మేనత్తే. ఇప్పుడు రెండో అంతస్తులో ఒక్కతే ఉంటుంది. హోటళ్ళకి కిటికీ తెరలు కుడుతుంది. కుట్టిన తెరని పైన కమ్మీకి వేలాడదీసి, కింద అంచు సమంగా వచ్చిందో లేదో చూసుకోవడానికి రోజుకి పదిసార్లు స్టూలు ఎక్కి దిగుతుంది. మోకాళ్ళు సహకరించవు. ఆ స్టూలు ఎక్కకు తల్లీ అని ఎంత మొత్తుకున్నా వినదు. ఎప్పుడు అడిగినా ఒకటే జవాబు, "నాకేం, బ్రహ్మాండం."

అమ్మకాలకి ముందు ఇంటివాళ్ళ చేత వాడించి చూడమని కంపెనీ ఉద్యోగులకి తలా ఒక ఫోను ఇచ్చింది. పంతులమ్మ తనదాన్ని తీసుకెళ్ళి మేనత్తకిచ్చింది, పనిలో తొడుక్కునే గౌనుకి లోతుగా జేబు కుట్టించి మరీ అందులో పెట్టింది. కబురు వెళ్ళాల్సిన దగ్గరి మనిషిగా తన నంబరే ఇచ్చింది. అప్పటిదాకా రోజూ పొద్దున్నే ఫోన్ చేసి పలకరించేది. ఆ తర్వాత మానేసింది. మోగలేదంటే బాగున్నట్టే కదా అనుకుంది. ఎన్నాళ్ళకో నిశ్చింతగా నిద్రపోయింది కూడా.

మోగకపోవడానికి ఇప్పుడు అర్థం లేదు.

అక్కడే గేటు దగ్గర నిలబడి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. కుట్టుమిషను చప్పుడులో వినిపించలేదేమో. కానీ ఫోను జేబులోనే ఉంటుంది, ఒంటికి తగులుతూ వణుకుతుంది, వినిపించకపోయినా తెలుస్తుంది. స్నానానికి వెళ్ళిందేమో. గౌను కొక్కేనికి తగిలించి ఉంటుంది. అంతే, అంతకన్నా ఏమీ అయ్యుండదు. మూడోసారి చేసింది. ఎత్తలేదు.

మేనేజరు గదికి వెళ్ళేసరికి ఆయన రెండు ఫోన్లలో ఇద్దరితో మాట్లాడుతున్నాడు. అమ్మకాల విభాగం ఒక చెవిలో, గోదాములు ఒక చెవిలో. విషయం విన్నాక రెండూ పెట్టేశాడు.

"పంతులమ్మగారూ, తాళం పడిపోయింది."

తాళం పడటమంటే వాళ్ళ భాషలో మాటల ఫైలు మూసేయడం. ఒకసారి మూశాక అందులో చుక్క కూడా మార్చడానికి వీల్లేదు. తీయాలంటే సముద్రాల అవతలున్న పెద్ద ఆఫీసు ఒప్పుకోవాలి.

"మార్చడం ఎంతసేపండీ! మొదటిసారి ఫోను తెరవగానే కొత్త మాట దిగిపోతుంది. పెట్టెలు ముట్టుకోనక్కర్లేదు."

"చెయ్యడం నిమిషం పని. చెప్పి ఒప్పించడమే." ఆయన కళ్ళజోడు తీసి ముఖం రుద్దుకున్నాడు. "వాళ్ళకి ఇప్పుడింకా అర్ధరాత్రి. మధ్యాహ్నం ఒకాయన్ని పట్టుకుంటా. మీరే మాట్లాడండి. ఇది శుక్రవారం ఆగిందంటే మాత్రం నన్ను ఏ పరుపూ పట్టుకోదు."

మధ్యాహ్నం దాకా పంతులమ్మకి కాలూ చెయ్యీ ఆడలేదు. మేనత్తకి ఫోన్ చేస్తూనే ఉంది. మోగుతోంది, ఎవరూ ఎత్తడం లేదు. వెళ్ళిపోదామని సంచీ భుజానికి తగిలించుకుంది. పెద్ద ఆఫీసాయన దొరికేది ఇవాళ ఒక్కసారే, తను లేకపోతే ఆ మాట అలాగే లక్షల ఇళ్ళలోకి వెళ్ళిపోతుందని సంచీ దించేసింది. అక్కడ మేనత్త ఒక్కతే. ఇక్కడ ముక్కూ ముఖం తెలియని జనం. ఎటు వెళ్ళినా రెండోది పీకుతోంది. చివరికి మేనత్త కింది వాటాలో ఉండే ఆవిడ నంబరు వెతికి పట్టుకుంది.

"పైకి వెళ్ళి ఒక్కసారి చూసి చెప్తారా? ఫోన్ ఎత్తట్లేదు."

"అయ్యో, దానికేముందండీ. పొయ్యి కట్టేసి ఇప్పుడే వెళ్తా" అంది ఆవిడ.

అప్పటికే మేనేజరు చెయ్యి ఊపుతున్నాడు. గోడ మీద తెరలో పెద్ద ఆఫీసాయన కనిపిస్తున్నాడు. వెనక కిటికీలో అక్కడ ఇంకా తెల్లగా తెల్లవారలేదు. నెమ్మదస్తుడే. కోపంగా ఒక్క మాట అనలేదు, అంటే బావుండేది.

"మీ భాష తెలిసిన ఇద్దరి చేత విడివిడిగా వెనక్కి తర్జుమా చేయించాను. ఇద్దరూ ఒకటే రాశారు. క్షేమంగా ఉన్నారా అని అర్థం. ఇందులో తప్పేముంది?"

"అర్థంలో తప్పు లేదండీ. జవాబులో ఉంది." పంతులమ్మ తెరకి దగ్గరగా జరిగింది. "మీరు పొద్దున ఆఫీసుకి వస్తారు. ఎలా ఉన్నారని ఎవరో అడుగుతారు. ఏమంటారు?"

"బాగున్నానంటాను."

"మీకు నడుం పట్టేసినా?"

ఆయన చిన్నగా నవ్వాడు. "అప్పుడూ అంటాను. కానీ కింద పడ్డప్పుడు అనను."

"మేం అంటామండీ. పొద్దునే ఒకతను మణికట్టు విరిగి అన్నాడు."

"అతను పరీక్షలు చేసేవాడని చెప్పారు. గోడ మీద కాగితం చూసి రోజూ చెప్పే జవాబే అలవాటుగా వచ్చేసి ఉంటుంది." ఆయన చెప్పిన దాంట్లో అబద్ధమేమీ లేదు, అదే పంతులమ్మకి మంటగా ఉంది. "చూడండి, నేనూ పైవాళ్ళకి చెప్పుకోవాలి. ఈ కంపెనీలో పనిచేయని మనిషి, బయటి మనిషి, నిజంగా పడి బాగున్నానని చెప్పినవాళ్ళని ఒక్కర్ని చూపించండి. ఒక్కరు చాలు. తాళం నేనే తీయిస్తాను."

ఒళ్ళో ఫోను వణికింది. కింది వాటా ఆవిడ. మీటింగులో ఫోన్ ఎత్తితే మేనేజరుకి కోపమొస్తుంది, రానీ అనుకుని ఎత్తింది.

"ఏం కంగారు పడకండి. తలుపు కొట్టి, బాగున్నారా పిన్నిగారూ అని అడిగాను. ఆఁ బాగున్నానమ్మా, నువ్వు బాగున్నావా అన్నారు. గొంతు కూడా గట్టిగానే ఉంది."

పంతులమ్మకి పోయిన ప్రాణం లేచొచ్చింది. "చాలా థాంక్సండీ" అని పెట్టేసింది. తెరలో ఆయన ఓపిగ్గా చూస్తున్నాడు. మేనేజరు కళ్ళతోనే కానివ్వమంటున్నాడు. కానిద్దామని నోరు తెరిచింది.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఏమని అడిగిందామె? ఏమని చెప్పింది మేనత్త?

ఆవిడకే మళ్ళీ కలిపింది. "తలుపు తీసిందా?"

"ఎవరు, మీ అత్తయ్యా? లేదండీ, లోపలినుంచే పలికారు. పనిలో ఉన్నారేమో అని నేనూ…"

"మిషను చప్పుడు వినిపించిందా?"

"లేదండీ" అంది ఆవిడ, ఈసారి మెల్లగా.

పంతులమ్మ లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది.

"మీరడిగిన బయటి మనిషి దొరికిందండీ" అంది తెర వైపు తిరిగి. "మా మేనత్త." మేనేజరు ఏదో అంటున్నాడు గానీ ఆమె అప్పటికే మెట్ల మీద ఉంది.

టాక్సీలో కూర్చుని అంబులెన్సుకి ఫోన్ చేసింది. అవతలి అమ్మాయి వరసగా అడుగుతోంది.

"పేషెంటుకి ఏమైందండీ?"

"పడిపోయిందనుకుంటా."

"మీరు చూశారా?"

"లేదు, దార్లో ఉన్నాను."

"మాట్లాడుతున్నారా?"

"మాట్లాడుతోంది."

"ఏమంటున్నారు?"

పంతులమ్మ కళ్ళు మూసుకుంది. "బాగున్నానంటోంది."

"మేడం, ఒకసారి వెళ్ళి చూసి, అవసరమైతే మళ్ళీ చెయ్యండి. బళ్ళు తక్కువున్నాయి." ఆ అమ్మాయిని తిట్టడానికి కూడా లేదు. ఆ పిల్ల స్థానంలో ఉంటే తనూ అదే అనేది.

సిగ్నల్ దగ్గర టాక్సీ ఆగిపోయింది. ముందు బస్సు వెనకాల వాళ్ళ కంపెనీ ప్రకటనే. తెల్లజుట్టు పెద్దావిడ ఫోను గుండెకి హత్తుకుని నవ్వుతోంది. పంతులమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. డ్రైవరు అద్దంలోంచి చూసి, "ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?" అన్నాడు. "అబ్బే, బాగున్నానండీ" అంది. అన్నాక తనకే ఏడుపొచ్చింది.

కింది వాటా ఆవిడ మేనత్త గుమ్మంలోనే నిలబడి ఉంది, మొహం చిన్నబుచ్చుకుని. పంతులమ్మ తన దగ్గరున్న తాళంచెవి పెట్టి తిప్పింది. తిరిగింది గానీ తలుపు రాలేదు. లోపల గడియ వేసి ఉంది.

"అత్తా!"

"ఎవరూ, చిన్నీవా?" మేనత్త గొంతు నిక్షేపంలా ఉంది. కాకపోతే మనిషి నిలబడే ఎత్తునుంచి రావడం లేదు, తలుపు కింది సందులోంచి వస్తోంది. "ఇప్పుడొచ్చావేమే, ఆఫీసు లేదూ?"

పంతులమ్మ నాలుక చివరికి అదే మాటొచ్చింది. పళ్ళ మధ్య పట్టి ఆపుకుంది.

"లేచి తలుపు తియ్యత్తా."

"పనిలో ఉన్నానే. సాయంత్రం రా, తీరిగ్గా మాట్లాడుకుందాం."

"సాయంత్రం వద్దు. ఇప్పుడు లేవగలవా, లేవలేవా? ఆ ఒక్క ముక్క చెప్పు."

కింది వాటా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పంతులమ్మ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని చెవి తలుపుకి ఆనించింది. ఏదో బట్ట రాసుకున్న చప్పుడు, ఆ తర్వాత పళ్ళ బిగువున ఆపుకున్న మూలుగు.

"లేవలేనే" అంది మేనత్త. "పొద్దుటినుంచీ చూస్తున్నా. ఆ కాలు నాది కానట్టే ఉంది."

ఈసారి అంబులెన్సు అమ్మాయి ఇంకేమీ అడగలేదు, బండి బయల్దేరిందని చెప్పింది. కింది వాటా ఆవిడ భర్త కొళాయిలు బాగుచేసే మనిషి. పలుగు తెచ్చి గడియ దగ్గర రెండు పోట్లు పొడిచాడు. తలుపు ఊడొచ్చింది.

మేనత్త గోడవారగా పక్కకి పడి ఉంది. స్టూలు తలకిందులై ఉంది. కమ్మీ నుంచి సగం ఊడిన తెరని కాళ్ళ మీదికి లాక్కుని దుప్పటిలా కప్పుకుంది. పెదాలు ఎండిపోయాయి. జేబులోంచి జారిన ఫోను బీరువా కిందికి దొర్లి, అందనంత దూరంలో వెలుగుతోంది. పంతులమ్మ నీళ్ళు తెచ్చి పెదాలు తడిపింది, తుంటి వైపు చెయ్యి పోనిస్తే మేనత్త గట్టిగా చెయ్యి పట్టుకుని ఆపింది. కదపొద్దని అంబులెన్సు అమ్మాయి ఫోన్లో చెప్పింది. పక్కనే కూర్చోవడం తప్ప చేసేదేమీ లేదు.

మేనేజరు ఫోన్ చేశాడు. "మీ అత్తగారు ఎలా…" అని మొదలుపెట్టి, తనంతట తనే ఆగిపోయాడు. "లేచారా?"

"లేవలేదండీ. తుంటి విరిగినట్టుంది. మధ్యాహ్నం కింది వాటా ఆవిడ అడిగితే బాగున్నానంది. ఆయనకి చెప్పండి."

"చెప్తాను. ఆయన ఇంకా తెర మీదే ఉన్నాడు. మీరు వెళ్ళిపోయాక ఆయనా కదల్లేదు. ఏం పెట్టమంటారు?"

"లేవగలరా అని పెట్టించండి. ఆ సంతోషం తీసేయించండి."

ఫోన్ పెట్టేశాక మేనత్త అడిగింది, "ఆఫీసా? వెళ్ళవే, నాకేం…" ఆ తర్వాతి మాట రాలేదు. పైకప్పు వంక చూస్తూ తనే మొదలుపెట్టింది. "నువ్వు తెచ్చిచ్చిన ఫోను మంచిదేనే. పడగానే అందులో పిల్ల అడిగింది, బాగున్నారా అని. ఎంత మర్యాదగా అడిగిందో! బాగున్నానమ్మా అన్నా. సంతోషం అంది. కాసేపటికి నొప్పి తెలిసి, అమ్మాయీ అమ్మాయీ అని పిలిచా. ఇక పలకలేదు."

పంతులమ్మకి దుఃఖం ఆగలేదు. మేనత్త చెయ్యి తీసుకుని తన చెంపకి ఆనించుకుంది. "ఆ మాట రాసింది నేనే అత్తా. ఆ పిల్ల చేత అలా అడిగించింది నేనే."

"నువ్వా?" మేనత్త తల కొంచెం తిప్పి చూసింది. ఎండిన పెదాల మీద నవ్వులాంటిది వచ్చింది. "అదే అనుకున్నా. గొంతు వేరు గానీ, అడగడం అచ్చం నువ్వే. ఏడవకే పిచ్చిదానా. దానికి చెప్పింది నీకు చెప్పేదే కదా. నువ్వడిగితే నేనెప్పుడైనా బాగోలేదన్నానా?"

పంతులమ్మ ఏడుపు ఆగిపోయింది. ఈ ఫోను రాకముందు తను రోజూ పొద్దున్నే చేసిన పలకరింపులన్నీ గుర్తొచ్చాయి. బస్సు ఎక్కుతూ, సంతకం పెడుతూ, బాగున్నావా అత్తా అని అడిగి, బ్రహ్మాండం అనగానే పెట్టేసినవి. వాటిలో ఏది నిజమో, ఏది మర్యాదకో ఇప్పుడు ఆమెకి తెలియదు. ఇన్నేళ్ళూ మేనత్త సంగతి తనకి తెలుసనుకుంది. తెలియదు.

"ఇంకా ఏం చెప్పలేదత్తా నాకు?"

కింద వీధిలో అంబులెన్సు హారన్ వినిపించింది, కింది వాటా ఆవిడ ఎదురెళ్ళడానికి మెట్లు దిగింది. మెట్ల మీద స్ట్రెచరు తగులుతున్న చప్పుడు పైకి వస్తోంది.

"ఎడమ కన్ను" అంది మేనత్త, అటు గోడ వైపు చూస్తూ. "కనబడట్లేదే. ఏడాదైంది."